మీసాల మిషను చెప్పిన తారీకులు

తవిటమ్మ తన పిల్లిని పాత తువ్వాలులో చుట్టుకుని, కంచరపాలెం నుంచి రెండు ఆటోలు మారి బెహరా గారి పశువైద్యశాలకు వచ్చింది. అప్పటికే అక్కడ ముగ్గురు మనుషులు పిల్లుల్ని ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నారు. అన్ని పిల్లులదీ ఒకటే తీరు. నీళ్ల గిన్నె దగ్గరకు వెళ్తాయి, మూతి పెడతాయి, తాగకుండా అలాగే ఉండిపోతాయి.

"ఎన్నాళ్ల నుంచమ్మా ఇలా?" అని అడిగాడు బెహరా, పిల్లి నోరు తెరిచి చూస్తూ.

"పది రోజులవుతాది బాబూ. అంతకు ముందు బాగుండీది. నా టిపినీ కొట్లోకి ఒక్క ఎలకని రానిచ్చీది కాదు మా బుల్లెమ్మ."

"ఏం పెడుతున్నారు?"

"పిల్లిబువ్వ పొట్లం. మా అమ్మాయి అలవాటు సేసింది. ఇప్పుడు సేప తలకాయెట్టినా ముట్టదు. పొట్లం సప్పుడయితే సాలు, ఏ గోడ మీదున్నా దూకీసీది."

బెహరా తల తిప్పి, గోడ వారగా నిలబడ్డ విశాలి వైపు చూశాడు. మూడు వారాల్లో ఇది పదకొండో పిల్లి. పదకొండూ పిల్లిబువ్వ తిన్నవే. అనుమానం ఆయనది. దాన్ని తేల్చగలిగే యంత్రం విశాలిది. అందుకే ఆమెను పిలిపించాడు.

విశాలి వంగి తువ్వాలు పక్కకు తీసింది. "ఒక్క మీసం మొదలంటా పీకుతానమ్మా. చురుక్కుమంటుంది, అంతే."

మీసం ఊడి వచ్చింది. బుల్లెమ్మ కదల్లేదు, గోరు చాపలేదు. దాని కోపం ఎరిగిన తవిటమ్మకు అప్పుడు భయం పుట్టింది.

విశాలి పరిశోధనశాల బీచి రోడ్డుకు రెండు వీధుల వెనక, ఒక మేడ మీద ఉంది. కోరింగ మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే బావురుపిల్లులు ఏ రోజు ఏం తిన్నాయో తెలుసుకోవడానికి ఆమె ఐదేళ్ల కిందట ఈ పని మొదలుపెట్టింది. వెంట్రుక పగలు ఒక తీరున, రాత్రి ఒక తీరున పెరుగుతుందనీ, ఆ తేడా వల్ల రోజుకో సన్నగీత పడుతుందనీ కనిపెట్టింది. ఆ గీతల్ని లెక్కపెట్టే యంత్రాన్ని కూడా తనే తయారుచేసింది. పరిశోధనశాలలో అందరూ దాన్ని మీసాల మిషను అనేవాళ్లు.

ఆమె బుల్లెమ్మ మీసాన్ని గాజు పలక మీది గాడిలో పరిచి మూత దించింది. లేజరు చుక్క మొదలు నుంచి కొన వైపు ఒక్కో గీత మీద ఆగి, పొడిచి, ముందుకు జరుగుతోంది. పొడిచిన ప్రతిచోటా లేచిన ఆవిరిలో ఏముందో తెర మీద తారీకుతో సహా పడుతోంది. ఏప్రిల్ పది. ఏప్రిల్ తొమ్మిది. ఏప్రిల్ ఎనిమిది. ఎర్ర గీత పైనే నడుస్తోంది. మార్చి అంతా పైనే. ఫిబ్రవరి పద్నాలుగు దగ్గర ఒక్కసారిగా కిందికి పడి, ఆ వెనక ఇంక లేవలేదు.

ఆ ఎర్ర గీత చూపిస్తున్నది ప్లాస్టిక్ పళ్లేలు చేసే చోట వాడే ఒక పొడిని. పిండిలో కలిపితే, మాంసకృత్తులు దండిగా ఉన్నట్టు పరీక్షలో చూపిస్తుంది. తిన్న ప్రాణి కిడ్నీల్లో మాత్రం ఇసుకలా పేరుకుంటుంది. మిగతా పది పిల్లుల మీసాలూ తీసుకుని చూస్తే, వాటిలోనూ ఎర్ర గీత ఫిబ్రవరి రెండో వారంలోనే మొదలైంది.

విశాలి లేచి కిటికీ దాకా వెళ్లి, వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లింది. పిల్లిబువ్వ తయారయ్యే ఫ్యాక్టరీ అనకాపల్లి దారిలో ఉంది. అక్కడ ప్రతి బ్యాచ్ మీదా నాణ్యత సంతకం పెట్టేది ఆమె అక్క హేమనళిని.

అక్కాచెల్లెళ్లిద్దరూ మర్రిపాలెంలో రెండు గదుల వాటాలో ఉంటారు. హేమనళిని పన్నెండేళ్లు పెద్దది. తల్లి పోయినప్పుడు విశాలికి తొమ్మిదేళ్లు. అప్పటి నుంచి జడ వేసిందీ, బడికి పంపిందీ, ఈ చదువు చదివించిందీ అక్కే. తను పెళ్లి మాట ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఇరవై రెండేళ్లుగా తెల్లారి ఆరూ నలభైకి కంపెనీ బస్సు ఎక్కుతుంది.

ఆ శనివారం సాయంత్రం ఆమె వంటింట్లో కూర్చుని తోటకూర కోస్తోంది. విశాలి గుమ్మంలోనే నిలబడి విషయం చెప్పేసింది. అక్క కత్తిపీట మీద చెయ్యి ఆపకుండా వింది.

"పిల్లి అన్నాక బల్లుల్ని తింటుంది. మందు తిన్న ఎలకల్ని తింటుంది. డ్రైనేజీలో నీళ్లు తాగుతుంది. మా పొట్లమే దొరికిందా నీకు?"

"పదకొండు పిల్లులు, పదకొండు పేటలు అక్కా. అన్నిటికీ ఒకే వారంలో ఎలా మొదలవుతుంది?"

"ప్రతి మంగళవారం, శుక్రవారం కొత్త బ్యాచ్ వస్తుంది. వచ్చిన ప్రతి బ్యాచ్ ఒక చెంచాడు నోట్లో వేసుకుని నమిలి చూశాకే సంతకం పెడతాను. మిషన్లకు తెలియని కంపు నాలుకకు తెలుస్తుంది. విషమే అయితే ముందు నేను పడిపోవాలి కదా?"

విశాలి అక్క పాదాల వైపు చూసింది. మార్చి మొదట్లో అవి చెప్పుల్లో పట్టనంతగా వాచాయి. నిలబడి చేసే పని కదా అని సరిపెట్టుకుంది అక్క. ఇప్పుడు వాపు తగ్గింది గానీ చర్మం ముడతలు పడి, వేరెవరి పాదాల్లాగో ఉన్నాయి.

"అక్కా, నువ్వు కూడా ఒకసారి రక్తపరీక్ష..."

"కూర పొయ్యి మీద వెయ్యాలి. జరుగు."

మర్నాడు ఆదివారం. తలంటుకు ముందు అక్క తలకు విశాలి నూనె పెట్టడం వాళ్లింట్లో ఎప్పటి నుంచో ఉన్నదే. హేమనళిని పీట మీద కూర్చుని కళ్లు మూసుకుంది. విశాలి వేళ్లు జుట్టులో కదులుతున్నాయి గానీ మనసు అక్కడ లేదు. వారానికి రెండు చెంచాలు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అడిగితే అక్క ఇవ్వదు. అడగకపోతే ఆమె కిడ్నీలు ఎంత పాడయ్యాయో తెలియదు.

"తెల్లవి నాలుగు కనిపిస్తున్నాయి. పీకెయ్యనా?"

"పీకు. ఎన్ని పీకినా వస్తూనే ఉంటాయి."

విశాలి మూడు పీకి, కొంగు అంచున ముడి వేసుకుంది.

సోమవారం పొద్దున్నే పరిశోధనశాల తలుపు తీసింది ఆమే. మొదటి వెంట్రుకను గాడిలో పరిచి మూత దించింది. ఏప్రిల్ పన్నెండు నుంచి వెనక్కి చదవడం మొదలైంది. ఏప్రిల్ పది, శుక్రవారం. ఏమీ లేదు. ఏప్రిల్ ఏడు, మంగళవారం. ఏమీ లేదు. మార్చి నెలాఖరు. తెర తెల్లగా ఉంది. విశాలికి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. అక్క చెప్పిందే నిజం, పొట్లాల్లో ఏమీ లేదు, తప్పు ఇంకెక్కడో ఉంది. ఫోను తీసి బెహరాకు చెప్పబోయింది.

మార్చి ఆరు దగ్గర ఎర్ర గీత లేచింది.

మార్చి ఆరు శుక్రవారం. మార్చి మూడు మంగళవారం. ఫిబ్రవరి ఇరవై ఏడు, ఇరవై నాలుగు, ఇరవై, పదిహేడు, పదమూడు, పది. వారానికి రెండేసి చొప్పున ఎనిమిది శిఖరాలు. ఆ వెనక మళ్లీ తెలుపు.

మిషను చెడిపోయిందనుకుంది. గాజు పలక కడిగి, రెండో వెంట్రుక పెట్టింది. అవే ఎనిమిది తారీకులు. మార్చి పది నుంచి ఏమీ లేదు. పిల్లుల మీసాల్లో మాత్రం మార్చి పదిన, పదిహేడున, ఏప్రిల్ పదిన కూడా ఎర్ర గీత పైనే ఉంది.

కుర్చీలో కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. పొట్లాల్లోంచి విషం పోలేదు. అక్క తినడం మానేసింది. సంతకం మానలేదు.

బెహరా ఇచ్చిన ఫిర్యాదు మీద గురువారం జిల్లా పశుసంవర్ధక కార్యాలయంలో విచారణ జరిగింది. బెహరా, విశాలి ఒక పక్క, కంపెనీ తరఫు లాయరు ఇంకో పక్క కూర్చున్నారు. అధికారిణి యాభై దాటిన మనిషి. పదకొండు పిల్లుల కాగితాలూ ఓపిగ్గా చదివింది.

"వీధులంట తిరిగే జంతువులండీ," అన్నాడు లాయరు. "ఎక్కడ ఏం తిన్నాయో ఎవరు చూశారు? ఈ మిషనుకి ప్రభుత్వ గుర్తింపు కూడా లేదు. పొట్లాలు పరీక్షకు పంపితే అన్నీ పాసయ్యాయి."

"ఆ పరీక్షను మోసం చెయ్యడానికే కదండీ ఆ పొడి కలుపుతారు," అన్నాడు బెహరా. "దాని కోసం వేరే పరీక్ష చెయ్యించండి."

"దానికి చెన్నై పంపాలి. ఆరు వారాలు," అంది అధికారిణి. "అప్పటిదాకా అమ్మకం ఆపాలంటే నాకు ఆధారం కావాలి. విశాలి గారూ, మీ మిషను తారీకులు సరిగ్గా చెబుతుందని నేనెలా నమ్మాలి? ఏం తిన్నదో, ఏ రోజు తిన్నదో కచ్చితంగా తెలిసిన ప్రాణిని ఒక్కదాన్ని చూపించండి. మీ తారీకులూ ఆ తారీకులూ కలిస్తే ఇవాళే ఆపిస్తాను."

విశాలి చేతిసంచిలో, కాగితం మడతలో, మూడో వెంట్రుక ఉంది. ఆమె సంచిని ఒళ్లోకి లాక్కుంది. "సోమవారం దాకా టైమివ్వండి" అంది.

బయటికి రాగానే బెహరా ఫోను మోగింది. మాట్లాడి జేబులో పెట్టుకున్నాడు. "బుల్లెమ్మ పోయిందట. సెలైను ఎక్కుతుండగానే."

ఆ సాయంత్రం విశాలి పరిశోధనశాలలో ఒంటరిగా కూర్చుని మూడో వెంట్రుకను భూతద్దం కింద పెట్టింది. మొదలు నుంచి పదమూడు మిల్లీమీటర్లు. అక్కడ కోసేస్తే మార్చి ఏడు తర్వాతి రోజులన్నీ పోతాయి. మిగిలినదాన్ని చూపించి, ఇది మార్చి ఏడున మిషను పరీక్షించడానికి అక్క ఇచ్చిన వెంట్రుక అని ఒక్క మాట చెబితే చాలు. ఎనిమిది తారీకులూ, అక్క రుచి చూసిన రోజులు రాసే ఫ్యాక్టరీ రిజిస్టరుతో కలుస్తాయి. అమ్మకం ఆగిపోతుంది. అక్క ఏమీ తెలియక విషం తిన్న మనిషిగా మిగులుతుంది.

చిన్న కత్తెర తీసుకుని కోసింది. పెద్ద ముక్కను ఒక కవర్లో, చిన్న ముక్కను ఇంకో కవర్లో వేసింది. ఐదేళ్లలో మొదటిసారి మిషను మీద గుడ్డ కప్పకుండా తాళం వేసి వచ్చేసింది.

శుక్రవారమంతా చెప్పలేకపోయింది. శనివారం సాయంత్రం అక్క బస్సు దిగి వచ్చి, కాళ్లు కడుక్కుని కూర్చున్నాక, రెండు కవర్లూ ఆమె ముందు పెట్టింది.

"ఆదివారం తెల్లవెంట్రుకలని చెప్పి మూడు పీకాను. మిషన్లో పెట్టాను."

హేమనళిని కవర్ల వైపు చూసింది. ముట్టుకోలేదు. "నూనె పెడుతుంటే ఆ రోజు ప్రాణం ఎంత హాయిగా ఉందో" అంది.

"మార్చి ఆరు తర్వాత నువ్వు తినలేదక్కా."

హేమనళిని లేచి వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

"తినలేదు," అంది. "అంతకు ముందు నెల రోజులుగా నాలుక మీద ఏదో మొద్దుబారినట్టుండేది. ఆరో తారీకు రాత్రి నడుం పట్టేసింది. మర్నాడు మూత్రంలో ఇసుక పడింది. మేనేజరుకి చెప్పాను. బువ్వలో మాంసకృత్తుల కోసం కలిపే గోధుమ జిగురు పొడి కొత్తవాళ్ల దగ్గర కొంటున్నప్పట్నుంచీ తేడాగా ఉంది, ఒకసారి ఆపి చూద్దాం అన్నాను. పరీక్ష పాసయింది కదా మేడమ్, అయినా తినేది పిల్లులేగా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు. నాకూ అలాగే అనిపించింది. పిల్లులేగా అని." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "తర్వాతి మంగళవారం చెంచా ఎత్తాను. నోటి దాకా రాలేదు చెయ్యి. కింద పెట్టేసి, రిజిస్టర్లో రుచి బాగుంది అని రాశాను. ఆ ఒక్కసారికే అనుకున్నాను. శుక్రవారం వచ్చింది. ఎవరో ఒకరు కనిపెడతారులే, ఆపుతారులే అని రోజూ బస్సులో అనుకునేదాన్ని. ఆ ఎవరో నువ్వవుతావనుకోలేదు."

విశాలి కవర్లు చూపించి, తాను చేసింది, చెప్పబోయేది చెప్పింది. "పెద్ద ముక్క చాలు. నీ అనుమతి ఒక్కటే కావాలి. చిన్నది పారేస్తాను."

"నా కోసం అబద్ధం చెబుతావా?"

"చెబుతాను."

"మిషను మాట నమ్మించడానికి మిషను గురించే అబద్ధం." హేమనళిని నవ్వబోయి మానుకుంది. "అన్నం తిను. పొద్దు పోతోంది."

ఆ మాట మీద వాళ్లిద్దరూ అన్నం తిన్నారు. ఆదివారం మళ్లీ ఆ ఊసు రాలేదు. తలకు నూనె పెట్టమని అక్క అడగలేదు, పెడతానని చెల్లెలు అనలేదు. సోమవారం ఆరూ నలభైకి హేమనళిని ఎప్పటిలాగే సంచీ భుజాన వేసుకుని బస్సు కోసం వెళ్లిపోయింది. అనుమతి ఇచ్చిందో లేదో విశాలికి అర్థం కాలేదు. పది గంటలకు రెండు కవర్లూ పట్టుకుని జిల్లా కార్యాలయానికి వెళ్లింది. మెట్లెక్కుతున్నంతసేపూ చెప్పవలసిన వాక్యాన్ని లోపల అనుకుంటూనే ఉంది. మార్చి ఏడున. మా అక్క ఇచ్చింది. మార్చి ఏడున.

వరండాలో బెంచీ మీద హేమనళిని కూర్చుని ఉంది. ఒళ్లో నల్ల అట్ట రిజిస్టరు. ఆమె పక్కన, సాక్ష్యం చెప్పడానికి బెహరా పిలిపించిన తవిటమ్మ. ఒకరెవరో ఇంకొకరికి తెలియదు. తవిటమ్మ చెబుతోంది, ఆమె వింటోంది.

"నాను తిన్నా మానినా దానికి మాత్రం పొట్లం కొనీదాన్నమ్మా. ఆకరికి తినలేకపోతే నోరు తెరిసి పెట్టినాను, బతుకుతాదని. అంటే నా సేత్తో నానే ఇసం పెట్టినట్టు కాదా?"

హేమనళిని విశాలిని చూసింది. లేచి, ఆమె కంటే ముందే గదిలోకి నడిచింది.

"నా పేరు హేమనళిని," అంది అధికారిణితో. "పిల్లిబువ్వ బ్యాచ్‌ల మీద సంతకాలు నావి. ఏ రోజు తిన్నానో ఈ రిజిస్టర్లో ఉంది. మార్చి పది నుంచి రాసినవన్నీ అబద్ధాలు. ఆ రోజుల్లో నేను తినలేదు. తింటే ఏమవుతుందో నాకు తెలిసింది కాబట్టి తినలేదు. ఈ అమ్మాయి నా చెల్లెలు. ఆమె చేతిలో ఉన్నవేవీ తీసుకోకండి. మీరే ఇప్పుడు నా తల మీంచి, మొదలంటా, మీ చేత్తో పీకండి."

లాయరు లేచి ఏదో అనబోయాడు. అధికారిణి చెయ్యి ఎత్తి ఆపింది. విశాలి వైపు, ఆమె పిడికిట్లో నలిగిపోతున్న కవర్ల వైపు ఒక క్షణం చూసింది. ఏమీ అడగలేదు. కుర్చీలోంచి లేచి వచ్చి, హేమనళిని పాపిట దగ్గర ఐదు వెంట్రుకలు ఒక్కొక్కటిగా పీకింది. హేమనళిని కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ తల కదపలేదు.

గుమ్మం దాకా వచ్చి అంతా విన్న తవిటమ్మ లోపలికి ఒక అడుగు వేసింది.

"అయితే నువ్వూ తిన్నావా అమ్మా?"

"తిన్నాను."

"ఇసమని తెలిసి మానీసినావు."

"అవును."

"మరి దానికెందుకు పెట్టనిచ్చినావు?"

హేమనళిని రిజిస్టరును అధికారిణి బల్ల మీద పెట్టింది.

ఆ మధ్యాహ్నమే అధికారిణి విశాలి పరిశోధనశాలకు వచ్చి, మిషను పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. ఐదు వెంట్రుకలూ అవే ఎనిమిది తారీకులు చెప్పాయి, ఆ తర్వాతి తెలుపుతో సహా. సాయంత్రానికి అమ్మకం ఆపమని ఉత్తర్వు వెళ్లింది. వారంలో ఉత్తరాంధ్ర జిల్లాల దుకాణాల నుంచి పొట్లాలన్నీ వెనక్కి వచ్చాయి. చెన్నై నివేదిక తర్వాత జిగురు పొడి అమ్మినవాళ్ల మీదా, మేనేజరు మీదా, హేమనళిని మీదా కేసు పెట్టారు. ఆమె ఉద్యోగం పోయింది. కిడ్నీలు సగానికి పైగా కోలుకున్నాయనీ, ఉప్పు తగ్గించి జాగ్రత్తగా ఉంటే ఫరవాలేదనీ డాక్టర్లు చెప్పారు. బెహరా లెక్కకు అందిన పిల్లుల్లో నూట నలభై చనిపోయాయి. లెక్కకు అందనివి ఎన్నో ఎవరికీ తెలియదు.

మీసాల మిషనుకి గుర్తింపు వచ్చింది. దానితోపాటు మనుషులూ వచ్చారు. భార్య వెంట్రుక పట్టుకుని ఒకాయన, కోడలి వెంట్రుక పట్టుకుని ఒకావిడ. ఎవరి వెంట్రుకో వాళ్లే స్వయంగా వచ్చి ఇస్తే తప్ప మిషను మూత తియ్యనని విశాలి అందరికీ చెప్పి పంపేసింది. రెండు కవర్ల సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అధికారిణి కూడా ఎన్నడూ అడగలేదు. గుర్తింపు పత్రం మీద తను సంతకం పెట్టిన రోజున మాత్రం విశాలికి అన్నం సయించలేదు.

కార్తీకం వెళ్లాక ఒక ఉదయం హేమనళిని చీర మార్చుకుని, "కంచరపాలెం దాకా వస్తావా?" అని అడిగింది. ఎందుకని విశాలి అడగలేదు.

తవిటమ్మ టిఫిను కొట్లో జనం పలచబడే వేళ. ఆమె ఇద్దరినీ గుర్తుపట్టింది. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. వాళ్లే బల్ల దగ్గర కూర్చున్నారు. కాసేపటికి రెండు ఇడ్లీ ప్లేట్లు తెచ్చి ముందు పెట్టి, వెళ్లబోయింది.

"ఆ రోజు మీరొకటి అడిగారు," అంది హేమనళిని.

తవిటమ్మ ఆగింది.

"నా ప్రాణం మీదికి వచ్చినప్పుడు విషమని తెలిసింది. మీ పిల్లి దగ్గరికి వచ్చేసరికి పిల్లే కదా అనుకున్నాను. ఇంతకు మించి నా దగ్గర సమాధానం లేదు. ఉందేమోనని ఇన్నాళ్లూ చూశాను."

తవిటమ్మ భుజం మీది గుడ్డ తీసి, పక్క బల్ల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే రెండుసార్లు తుడిచింది.

"తినమ్మా," అంది, ఇటు తిరక్కుండానే. "సల్లారిపోతన్నాయి."